నకిలీరాయుడి చుక్కలు

“నిజమైనదే! ఇది నిజమైనదే!”

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. ఒక చుక్క వెలుగును రంగులుగా విడదీసి పెద్ద టెలిస్కోపు పంపిన వర్ణపటం తెర మీద ఉంది. నీటి ఆవిరి గుర్తు ఉంది, లేత వయసు గుర్తూ ఉంది. ఇక సందేహం లేదు. అది పసి గోధుమ మరుగుజ్జు. నక్షత్రం అవుదామని పుట్టి, బరువు చాలక, లోపల పొయ్యి రాజుకోక, పుట్టినప్పటి వేడితోనే మెల్లగా చల్లారిపోయే గోళం. పసితనంలోనే దానికి కాస్త వెలుగు. అందుకే నక్షత్రాలు పుట్టే మబ్బుల్లో వెతకాలి.

చప్పట్లు కొట్టడానికి గదిలో ఎవరూ లేరు. ఎదురు కుర్చీ ఖాళీ. ఆ బల్ల మీద సగం తాగి వదిలేసిన టీ కప్పు, లోపల ఎండిన మరక. “ఫొటోలు నీ కంప్యూటర్లో ఉన్నాయక్కా, బస్సు వెళ్లిపోతోంది!” అని అరుస్తూ తన పెళ్లికి పరిగెత్తిన నకిలీరాయుడు ఫోను కూడా కట్టేశాడు.

ఆ పేరు ఆమె పెట్టిందే. వెతికేవాళ్ల కంటిని పరీక్షించడానికి ఫొటోల్లో కొన్ని దొంగ చుక్కలు కలపడం అతని పని. వెతకడం పూర్తయ్యాకే అవి ఎక్కడున్నాయో చెబుతాడు. చెప్పకపోయినా ఆమె పోల్చుకోగలదు. గుండ్రంగా, శుభ్రంగా, ఒకచోట గుంపుగా పెడతాడు. ఈసారీ అంతే. మబ్బు ఎడమ మూల ఆవాలు ఒలికినట్టు ఒక గుంపు.

“పెళ్లి కంగారులో మరీ బద్ధకించావేం రాయుడూ!” అని నవ్వుకుని వాటిని పక్కన పెట్టేసింది. పెద్ద టెలిస్కోపు ఒక్క చుక్కనే చూస్తానంది. కుడివైపు దుమ్ములో ఒంటరిగా నక్కినదాని చోటు ఆమె రాసి పంపింది.

పట్టలేని సంతోషంతో అమ్మకు ఫోన్ చేసింది.

“దొరికిందమ్మా!”

“సంబంధమా? అబ్బాయి ఏం చేస్తాడే?”

“అబ్బాయి కాదమ్మా, చుక్క.”

“ఓహో. ఒక్కటేనా? తోడేం లేదా దానికి?”

“లేదు.”

“సరిపోయింది. నీకు తగ్గదే దొరికింది.”

ఫోన్ పెట్టేశాక గదిలో కంప్యూటర్ ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది.

ప్రొఫెసర్ గుమ్మంలోంచే తొంగిచూశాడు. “శభాష్! ఎన్ని?”

“ఒక్కటి సార్. ఎడమ మూలవి రాయుడివి. చూడగానే తెలిసిపోతోంది.”

ఆయన మొహం వాడిపోయింది. “ఒక్కటైతే ఎటునుంచో దారితప్పి వచ్చిందంటారమ్మా. గుంపుంటేనే అక్కడ పుట్టాయని నమ్ముతారు. రేపు మీటింగులో ఈ మబ్బు పని ఆపేయమంటారు. నిన్ను ఇంకో బృందంలో వేస్తారు.”

“ఇంకో నాలుగు దొరికుంటే?”

“ఇక్కడే ఉండేదానివి. రోజూ నేనే కాఫీ కలిపి ఇచ్చేవాణ్ణి.”

ఆయన వెళ్లిపోయాడు. ఆమె ఆ చుక్కను పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది, గళ్లు గళ్లుగా విడిపోయేదాకా.

“ఒక్కదానివే ఎలా ఉంటున్నావే అక్కడ?” అని అడిగింది.

తర్వాత తన పుస్తకాలు సంచీలో సర్దుకుంది. పోతూ పోతూ రాయుడి కప్పు కూడా కడిగి బోర్లించింది. చేతులు తుడుచుకుంటుంటే ఫోన్ మోగింది.

“అక్కా!” వెనకాల ఎవరిదో గలగలా నవ్వు.

“బతికే ఉన్నావా పెళ్లికొడకా? ఏమంటోంది మా మరదలు?”

“ఏ పనీ సగంలో వదిలేసేవాడితో కాపురం చెయ్యదట.”

“బాగా చెప్పింది. నీ టీ కప్పు ఇప్పుడే కడిగాను.”

“అయ్యో, నువ్వెందుకు కడిగావక్కా! ఇదిగో, తిట్టనంటే ఒకటి చెబుతాను. ఆవేళ కప్పొక్కటే కాదు, ఇంకోటి కూడా వదిలేసి పరిగెత్తాను.”

“ఏంటది?”

“రేపు పొద్దున్నే వచ్చి నకిలీ చుక్కలు కలిపేస్తానక్కా.”