పై గాటు

పొగమంచులో గేటు దగ్గర ఎవరో నిలబడ్డారు.

వంటింటి కిటికీలోంచి చూసిన ఆమె పొయ్యి మీది పాలు మర్చిపోయింది.

చంకలో గొడుగు, నెరిసిన జుట్టు. ఆ మనిషి చప్పుడు కాకుండా గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. ముంగిట్లో ఉన్న క్రిస్మస్ చెట్టు దగ్గరికి వెళ్లి, నడుముకి కాస్త పైగా, మాను మీద అరచెయ్యి ఆనించాడు.

అలాగే ఉండిపోయాడు.

మంచు తెరలు తెరలుగా వచ్చి చెట్టునీ మనిషినీ ఒకటి చేసేసింది.

పొంగుతున్న పాలు దించి ఆమె బయటికి పరిగెత్తేసరికి అక్కడ చెట్టొక్కటే ఉంది.

"ఏమండీ! దొంగ! చెట్టు మీద గుర్తులు పెట్టి పోయాడు!"

భర్త గడ్డం సబ్బు తుడుచుకోకుండానే వచ్చి చూశాడు. మాను మీద నిజంగానే గాట్లున్నాయి. ఒకదాని మీద ఒకటి, నిచ్చెన మెట్లలా.

"ఇవి ఎప్పటివో. బెరడు కూడా పూడుకొచ్చింది."

"అంటే ఎప్పట్నుంచో ఈ ఇంటి మీద కన్నేశాడన్నమాట!"

"నీకేం, వీలుంటే నీడకి కూడా తాళం వేస్తావు" అని నవ్వుతూ లోపలికి పోయాడు.

ఆమె నవ్వలేదు. ఈ ఇల్లు కొనుక్కుని వచ్చింది మొన్న ఎండాకాలంలో. ఇరుగుపొరుగు ఇంకా సరిగ్గా తెలియదు. పలకరించే పక్కింటి మామ్మగారు కూడా కూతురి దగ్గరికి వెళ్లి ఉన్నారు.

"అమ్మా, ఈసారి నిజం చెట్టుకే కదా చుక్క కట్టేది?" కూతురు గువ్వ కొంగు పట్టుకుంది.

ఏటా వాళ్లది ప్లాస్టిక్ చెట్టే. భర్త అటక మీద నుంచి పెట్టె దించుతాడు, ఆమె కొమ్మలు తుడిచి గుచ్చుతుంది, చివర చుక్క పెట్టేది గువ్వ.

"నిజం చెట్టయితే చీమలు. దీపాల తీగ తడిస్తే షాకు. గాలేస్తే నెత్తిన పడుతుంది."

"ప్లాస్టిక్ చెట్టుకి వాసన లేదమ్మా."

"వాసన లేకపోతే ఎవరూ చచ్చిపోరు!"

అన్నాక తనే నాలిక కరుచుకుంది. పండగ పూట అదేం మాట?

చివరికి కింది కొమ్మలకి కాగితం పువ్వులు కట్టుకోవడానికి ఒప్పుకుంది. తను చూస్తుండగా మాత్రమే.

కానీ ఎంతసేపని చూస్తుంది? ఓ సాయంత్రం దండెం మీద బట్టలు తీసుకుని వచ్చేలోగా గువ్వ గంతులేస్తూ ఎదురొచ్చింది.

"అమ్మా, గొడుగు తాతయ్య వచ్చాడు! నన్ను చెట్టుకి ఆనుకుని నిలబడమన్నాడు. పై గాటుని దాటేశానట!"

ఆమె బట్టలు పక్కన పడేసి పిల్లని దగ్గరికి లాక్కుంది.

"ముట్టుకున్నాడా నిన్ను?"

"తల మీద చెయ్యి పెట్టాడు. 'ఇంకా ఎదగాలి తల్లీ, చాలా ఎదగాలి' అన్నాడు. మంచి తాతయ్యమ్మా. కళ్లు తుడుచుకున్నాడు."

ఆ రాత్రి ఆమెకి కంటిమీద కునుకు లేదు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు ఇలాగే మచ్చిక చేసుకుంటారు. ఎత్తు కొలుస్తున్నాడంటే ఎందుకో! తెల్లారి భర్త పనికి వెళ్లగానే చెట్లు కొట్టేవాళ్లని పిలిపించింది.

చెట్టు పెద్దగా చప్పుడు చెయ్యలేదు. నిద్రలో పక్కకి ఒత్తిగిల్లినట్టు ఒరిగింది. దాని పచ్చి వాసన మాత్రం గదిగదికీ తిరిగింది. దుప్పట్లలోకి, గువ్వ జడలోకి కూడా చేరింది.

"చెప్పకుండా కొట్టించేశావా?" అన్నాడు సాయంత్రం ఇంటికొచ్చిన భర్త.

"పిల్లకంటే చెట్టెక్కువా?"

అతను వెళ్లి ప్లాస్టిక్ చెట్టు పెట్టె దించాడు. గువ్వ ఏడ్చి ఏడ్చి ఆ పెట్టె పక్కనే నిద్రపోయింది. ఆ రాత్రి ఆమెకి హాయిగా నిద్ర పట్టింది.

పండగ ముందురోజు మళ్లీ మంచు. మళ్లీ గొడుగు.

ఈసారి గేటుకి తాళం ఉంది. ఆమె మెట్ల మీదే నిలబడింది.

"ఏం కావాలి మీకు?"

"చెట్టు..."

"కొట్టించేశాం. ఇంకోసారి ఇటొస్తే పోలీసులకి చెప్తాను."

"రానులేమ్మా." ఇంటి వైపు చూశాడు. "పాప కులాసాగా ఉందా?"

"మా పిల్ల ఊసు మీకెందుకు?"

అతను తలూపాడు. గేటు ఊచల మధ్య నుంచి చెయ్యి లోపలికి చాచి, అరచెయ్యి కిందికి తిప్పి, నడుముకి కాస్త పైగా, గాలిలో ఆనించాడు. అక్కడేదో ఉన్నట్టే వేళ్లు మెల్లగా కదిలాయి.

తర్వాత మంచులోకి నడిచి వెళ్లిపోయాడు.

ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. పీడ విరగడైంది.

మధ్యాహ్నం ఊరి నుంచి దిగిన పక్కింటి మామ్మగారు, తలకి శాలువా చుట్టుకుని వచ్చారు.

"ఏమ్మా, చెట్టేదీ?"

"ఆ గొడుగాయన బాధ పడలేక తీయించేశాను మామ్మగారూ. పొద్దున మళ్లీ వచ్చాడు. గట్టిగా చెప్పి పంపేశాను."

మామ్మగారు మోకాళ్లు పట్టుకుని ఆ మొద్దు మీదే కూలబడ్డారు.

"అయ్యో తల్లీ... ఊరెళ్లే ముందు నీ చెవిన ఓ మాట వెయ్యాల్సింది."

"ఎవరతను?"

మామ్మగారు మొద్దు అంచున ఇంకా ఆరని జిగురు వేలితో తడిమారు. తెరిచిన తలుపులోంచి, ముక్కాలిపీట మీద నిలబడి ప్లాస్టిక్ చెట్టుకి చుక్క పెడుతున్న గువ్వని చూశారు.

"మీకు ముందున్నవాళ్లకంటే ముందు ఈ ఇల్లు అతనిదేనమ్మా. కూతురు పుట్టిన ఏడు ఈ చెట్టు నాటి, క్రిస్మస్‌కి క్రిస్మస్‌కి దీనికి ఆనించి నిలబెట్టి ఎత్తు కొలిచి గాటు పెట్టేవాడు. ఆ పై గాటు దగ్గరే పిల్ల ఆగిపోయింది, ఏటా పండగ రోజుల్లో దాని తల నిమిరి పోదామని వస్తుంటాడు."