జోడు గుర్రం

మాలన్ గ్రేబర్ వేలానికి తెచ్చిన గుర్రాలను కట్టిన పాకలో తిరిగి తిరిగి మూడోసారి కూడా ఆ మూలకే వచ్చి ఆగాడు.

అక్కడ ఒక బెల్జియం ఆడగుర్రం కట్టేసి ఉంది. తేనె రంగు ఒళ్లు, తెల్లటి జూలు, పళ్లేలంత గిట్టలు. తుంటి మీద రెండు వందల పద్నాలుగు అని చీటీ అంటించారు. పక్కనే గడ్డిమోపు మీద ఒకావిడ కూర్చుని మేజోడు అల్లుకుంటోంది. నల్ల టోపీ, నల్ల శాలువా, అరవైకి అటూ ఇటూ వయసు.

ఇందాక వచ్చినప్పుడల్లా ఆవిడ ఎవరితోనో మాట్లాడుతూనే ఉంది. ఇద్దరు ముసలాళ్లు ఆవిడ అడిగినదానికి సరైన జవాబు చెప్పలేక గడ్డాలు గోక్కుంటూ వెళ్లిపోయారు. భార్యాభర్తలిద్దరు వచ్చి అడిగితే మాత్రం తలెత్తకుండానే "చీటీ మీదుంది, చూసుకోండి" అంది.

"పళ్లు చూడొచ్చా అమ్మా?" అన్నాడు మాలన్.

"చూడండి. కరవదు."

చూశాడు. ఏడేళ్లుంటాయి. వంగి కాళ్లు తడిమాడు.

"ఎడమ ముందుకాలి మీద కాస్త ఎక్కువ బరువు మోపుతోంది. పొద్దుటినుంచీ చూస్తున్నాను," అంది ఆవిడ.

మాలన్ ఆశ్చర్యపోయాడు. నలభై ఏళ్లుగా వేలాలకు వస్తున్నాడు. అమ్మేవాళ్లు తమ నోటితో లోపం చెప్పగా వినడం ఇదే మొదలు.

"దేనికి మీకు?" అంది ఆవిడ.

"జోడు కోసం. ఉన్న రెండింట్లో ఒకటి చలికాలంలో పోయింది. రెండోది మేత సరిగా ముట్టడం లేదు. ఏప్రిల్ వచ్చేస్తోంది, నాగలి ఇంకా కొట్టంలోంచి బయటికి రాలేదు."

"ఇంట్లో మేత వేసేదెవరు?"

"నేనే."

"మీ ఆవిడ వెయ్యదా?"

"పోయి నాలుగేళ్లయింది."

ఆవిడ చేతిలో సూదులు ఆగాయి. మళ్లీ కదిలాయి.

"కోపమొస్తే అరుస్తారా?"

"గుర్రం మీదా?"

"ఎవరి మీదైనా."

మాలన్ ఆలోచించాడు. అబద్ధం ఆడటం అతనికి అలవాటు లేదు. "పొయ్యి మీద అరుస్తాను. బంగాళాదుంపలు మాడ్చినప్పుడల్లా."

"రోజూ బంగాళాదుంపలేనా?"

"ఆదివారం గుడ్డు కూడా. మిగిలింది కోళ్లకు వేస్తే అవి నావంక అదోలా చూస్తున్నాయి."

ఆవిడ ఫక్కున నవ్వింది. నవ్వితే పదేళ్లు తగ్గింది.

మాటల్లో చాలా సంగతులు వచ్చాయి. ఆవిడ పేరు ఓర్ఫా. భర్త పోయాక చెల్లెలి ఇంట్లో ఉంటోంది. చెల్లెలి ఇల్లు పిల్లలతో కిక్కిరిసి ఉంటుంది. పాపం, చోటు చాలకే గుర్రాన్ని అమ్ముకుంటోంది కాబోలు అనుకున్నాడు మాలన్.

"బయట వరసలో నా పెద్ద బగ్గీ కూడా ఉంది. అమ్మేద్దామని తెచ్చాను," అన్నాడు. "పిల్లలకు పెళ్లిళ్లయ్యాయి. ఎవరి బండి వాళ్లకుంది. నా పక్కన సీటు ఖాళీగా గడగడమంటోంది."

"అది అమ్మకండి."

"ఎందుకని?"

"మంచి బండి. పొద్దున మీరు దిగుతుంటే చూశాను. ఉంచుకోండి."

గుర్రం సంగతి ఇంత తెలిసిన మనిషికి బండి సంగతి తెలియకుండా ఉంటుందా? మాలన్ ఆలస్యం చెయ్యకుండా వెళ్లి బగ్గీ పేరు వేలం జాబితాలోంచి కొట్టేయించాడు.

రెండు వందల పద్నాలుగు వంతు వచ్చింది. వేలంపాటగాడి నాలుక నీళ్లలో చేపలా ఆడుతోంది. నాలుగు వేల డాలర్ల దగ్గర అందరూ తప్పుకున్నారు. మిగిలింది మాలనూ, దుంగలు లాగించే కాంట్రాక్టరూ. ఆ కాంట్రాక్టరు గుర్రాలు ఎండలో నురగలు కక్కుతుంటే మాలన్ కళ్లారా చూశాడు.

అయిదు వేలు దాటకూడదని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాడు. పాట అయిదు వేల రెండు వందలకు పోయింది. అది కాంట్రాక్టరుదే.

మాలన్ కంచె అవతల నిలబడ్డ ఓర్ఫా వైపు చూశాడు. వింతగా ఉంది. ధర పెరిగినకొద్దీ ఆవిడ ముఖం ముడుచుకుపోతోంది. డబ్బు కాదు, గుర్రం మంచి ఇంటికి చేరడమే ఆవిడకు ముఖ్యం అని అతనికి అర్థమైంది. గుండె కరిగిపోయింది. వేలెత్తాడు. కాంట్రాక్టరు ఎత్తాడు. మాలన్ మళ్లీ ఎత్తాడు. అయిదు వేల ఆరు వందల దగ్గర కాంట్రాక్టరు ఉమ్మేసి వెనక్కి తిరిగాడు.

మాలన్ కంచె దగ్గరికి వెళ్లి టోపీ తీశాడు.

"దిగులు పెట్టుకోకండి. మా ఇంట్లో దానికి ఏ లోటూ రానివ్వను. బెంగగా ఉంటే ఎప్పుడైనా వచ్చి చూసుకోండి."

"శనివారం వస్తాను," అంది ఓర్ఫా వెంటనే. "బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టకండి. నేను కోడికూర తెస్తాను."

అతను ఇంటికి దారి రెండుసార్లు చెప్పాడు. ఆవిడ రెండుసార్లూ శ్రద్ధగా విని, అల్లిక సంచీలో పెట్టుకుని, చెల్లెలి బండి వైపు చకచకా నడిచింది.

మాలన్ ఈల వేసుకుంటూ ఆఫీసు గదికి వెళ్లి డబ్బు కట్టాడు. రసీదు మడుస్తుంటే ఓర్ఫా మళ్లీ గుర్తొచ్చింది.

"బాబూ, ఆవిడకు రావలసింది సాయంత్రం దాకా ఆపకు. వాన వచ్చేలా ఉంది. అప్పుడే బండి దగ్గరికి వెళ్లిపోయింది."

"ఏ ఆవిడ?" అన్నాడు గుమాస్తా కాగితాలు తిరగేసి. "రెండు వందల పద్నాలుగు మిషిగన్ నుంచి వచ్చిన ఎమరీ ష్రాక్‌ది, ఆయన పొద్దుటినుంచీ ఇదిగో ఇక్కడే కూర్చుని నాతో కాఫీ తాగుతున్నాడు."