ఊదా రిబ్బను

"ఆ తెర ఆపు డోయల్! చేపల్ని వెతకడానికి టీవీ కావాల్సొచ్చిందా నీకు?" అంది ఓపల్, గాలానికి ఎర చేపను గుచ్చుతూ.

మార్చి చలికి కెంటకీ సరస్సు మీద పొగలు లేస్తున్నాయి. నీటి అడుగున చేపలెక్కడున్నాయో చూపే ఆ చిన్న తెరను మరిది ఆపి, పడవ నిలిపాడు.

"మీ అన్న పోయి తొమ్మిదేళ్ళు. పండగయ్యాక క్రిస్మస్ చెట్టుకి ఇటుకలు కట్టి ఆయన ఇక్కడ ముంచబట్టే, క్రాపీ చేపలు ఇప్పటికీ ఆ కొమ్మల్లోకి చేరుతున్నాయి. నీకేం చేతనవును, పడవ తోలడం తప్ప! గాలం ముట్టుకున్నావంటే చూడు. ఇవి ఆయన చేపలు."

"సరే వదినా."

అంతలో ఆమె గాలం అడుగున దేనికో తగులుకుంది. బలంగా లాగితే ఒక కొమ్మ విరిగి పైకొచ్చింది. దాని ఆకులింకా పచ్చగానే ఉన్నాయి. కొసన ఊదా రిబ్బను వేలాడుతోంది. మొన్న క్రిస్మస్‌కి డోయల్ ఇంట్లో చెట్టుని చూసి, "సర్కసు గుర్రానికి కట్టినట్టుంది" అని ఆమె వెక్కిరించిన రిబ్బనే.

తొమ్మిదేళ్ళు నానిన చెట్టుకి ఆకేం మిగులుతుంది?

"ఏటా ఇక్కడ చెట్టు ముంచుతున్నది నువ్వేనా?"

"నువ్వు ఖాళీ బుట్టతో ఇంటికెళ్తే, ఇక నన్ను తిట్టే ఓపిక నీకెక్కడుంటుంది వదినా?"

ఓపల్ రిబ్బను విప్పి జేబులో పెట్టుకుంది. "పాడు రంగు" అని గొణిగి, రెండో గాలం తీసి అతని చేతిలో పెట్టింది.

"వెయ్యి మరి. ఆ తెర మళ్ళీ పెట్టావో, నీళ్ళలో పడేస్తా."