కోతకు వచ్చిన మనిషి

"ఆగవ్వా! ఎవరినడిగి పొలంలోకి దిగుతున్నావు?"

లస్మిని కేకకు ఆ ముసలామె ఆగిపోయింది. ఒక కాలు గట్టు మీద, ఒక కాలు బురదలో.

ఆ ముఖాన్ని లస్మిని ఎన్నడూ చూడలేదు. నెత్తిన వెదురు టోపీ, నడుముకు వెలిసిపోయిన బాతిక్ గుడ్డ, అరచేతిలో ఇమిడిపోయిన చిన్న కోత కత్తి.

"కోతకమ్మా," అందామె, అడగాల్సిన ప్రశ్నే కాదన్నట్టు. "తెల్లారగట్లే బస్సెక్కాను."

"పైరు మీదే గుత్తకిచ్చేశాను. గుత్తేదారు మనుషులే కోసుకుంటారు."

"మరి వీళ్లో?"

గట్టు మీద ఊరి ఆడవాళ్లు ఏడుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ల చేతుల్లోనూ అవే కత్తులు.

"వాళ్లకీ ఇదే చెప్పాను."

ఆ ఊళ్లో వరి కోతకు ఎవరూ ఎవరినీ పిలవరు. కత్తి పట్టుకుని వచ్చినవాళ్లు మడిలోకి దిగుతారు. కోసిన పది కట్టల్లో ఒకటి పట్టుకుపోతారు. సెంటు భూమి లేని ఇంట్లో కూడా పొయ్యి వెలిగేది దానివల్లే.

లస్మినికి మాత్రం అదంతా వట్టి అయోమయంగా కనిపించింది. ఆమె పద్దెనిమిదేళ్లు దూరాన బతాం దీవిలో ఫ్యాక్టరీ పని చేసింది. గేటు దగ్గర కార్డు చూపించనిదే ఈగను కూడా లోపలికి రానివ్వని చోటది. తండ్రి పోయాక, నిరుడే ఊరికి తిరిగొచ్చింది.

పైగా అవసరం తరుముతోంది. శుక్రవారం లోపు కూతురి నర్సింగ్ కాలేజీ ఫీజు కట్టకపోతే సీటు పోతుంది.

గుత్తేదారు దర్సోనో ముందే తెగేసి చెప్పాడు. "బయటి మనిషి ఒక్కరు దిగినా మన బేరం లేదమ్మాయ్!"

"ఒక్క వరస కోసుకుని పోతానమ్మా," అంది ముసలామె. "మీ నాన్న ఉన్నప్పుడు..."

"నాన్న మెతక మనిషవ్వా. ఇది నేను చెమటోడ్చి పంపిన డబ్బుతో కొన్న పొలం. ఇందులో ఎవరు దిగాలో నేను చెప్పకూడదా?"

గట్టు మీది ఆడవాళ్లలో సుమిరా ఏదో అనబోయింది. ముసలామె ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"ఎందుకు చెప్పకూడదు? పొలం నీదే తల్లీ," అని కత్తిని నడుముకు దోపుకుంది.

వెళ్లిపోతుందనుకుంటే వెళ్లలేదు. ఆడవాళ్ల మధ్య కూర్చుని, లస్మిని కూతురి ఫీజు సంగతి దాకా వాళ్లు చెప్పే కబుర్లు వింటూ అరటాకు పొట్లం విప్పింది. ఒక్కరికి చాలీచాలని అన్నం, నాలుగు వేయించిన సోయా టెంపె ముక్కలు. అవే ఎనిమిది మందికీ సర్దింది.

మడిలో దర్సోనో మనుషులు కొడవళ్లతో దబాదబా నరుకుతున్నారు.

"చూడండే, వరి కోస్తున్నారా, పామును కొడుతున్నారా?" అంది ముసలామె.

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. లస్మినికీ నవ్వొచ్చింది గానీ బిగబట్టుకుంది.

మధ్యాహ్నానికి కొండ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. దర్సోనో లారీ రోడ్డు దిగుతూనే బురదలో కూరుకుపోయింది. కోసిన వరంతా మడిలోనే ఉంది.

"తడిస్తే మాత్రం సగం ధరే ఇస్తాను. తర్వాత నన్ననొద్దు," అన్నాడు దర్సోనో.

లస్మిని మడిలోకి పరుగెత్తింది. "అన్నా, కాస్త ఆ ఇటుకల బట్టీ షెడ్డులోకి మోయండన్నా!" అని కోత మనుషుల్ని బతిమాలింది.

వాళ్లలో పెద్దవాడు కొడవలి తుడుచుకుంటూ అన్నాడు. "మేం ఒప్పుకున్నది కోతకమ్మా, మోతకు కాదు. దానికి కూలి వేరే మాట్లాడండి."

ఎవరూ కదల్లేదు. మొదటి చినుకు పడింది. లస్మినికి ఏడుపొచ్చేసింది.

"లేవండే! వరి తడుస్తుంటే చోద్యం చూస్తారా?"

ముసలామె అప్పటికే మడిలో ఉంది. కట్ట నెత్తికెత్తుకుని షెడ్డు వైపు పరుగులాంటి నడక. వెనకాలే ఏడుగురు ఆడవాళ్లు. నాలుగు సార్లు తిరిగేసరికి కోత మనుషులకూ సిగ్గేసినట్టుంది. ఒక్కొక్కరే వచ్చి కట్టలెత్తుకున్నారు.

ఆఖరి కట్ట షెడ్డులోకి చేరాక వాన దంచేసింది.

దర్సోనో జేబులోంచి నోట్లు తీశాడు. "తీసుకోవ్వా. అందరూ పంచుకోండి."

ముసలామె నవ్వింది. "కోసి ఉంటే మా వాటా అడిగి మరీ తీసుకునేవాళ్లం నాయనా. వానొస్తుంటే వడ్లు లోపల పెట్టడానికి కూలేమిటి? ఎవరి వడ్లయినా ఎవరో ఒకరు తినేవేగా!"

దర్సోనో నోట్లు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఆమె టోపీ సర్దుకుని, తడిచేత్తో లస్మిని చెంప నిమిరింది. "పిల్లను బాగా చదివించుకో తల్లీ," అని వానలోనే రోడ్డెక్కింది.

లస్మినికి మనసు ఒక చోట నిలవలేదు. ఇచ్చిన మాట పోయినా పోనీ అనుకుని దర్సోనో ముందుకెళ్లింది. "ఒక కట్ట నాకివ్వండి. ధరలో తగ్గించుకోండి."

కట్ట ఎత్తుకుని పరుగెత్తింది. రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సు కదిలి మలుపు తిరిగిపోయింది.

సాగనంపడానికి వచ్చిన సుమిరా ఒక్కతే అక్కడ తడుస్తూ నిలబడి ఉంది.

"వదినా, ఎవరావిడ? మళ్లీ కోతకు వస్తే ముందు ఆవిణ్ణే దింపుతాను."

"ఇక రానంది."

"ఎందుకు రాదు?"

సుమిరా ముఖం మీది నీళ్లు తుడుచుకుంది. "నీకు చెప్పొద్దంది, నువ్వు చిన్నబుచ్చుకుంటావని. నాకు మాత్రం దాచబుద్ధి కావడం లేదు."

"చెప్పు వదినా."

"మొగుడి జబ్బుకని ఈ పొలం అమ్మింది ఆవిడే. మిల్లాయన రెట్టింపు ఇస్తానన్నా కాదని, కత్తి పట్టుకొచ్చిన ఏ మనిషినీ వెనక్కి పంపనన్న ఒక్క మాట పుచ్చుకుని, సగం ధరకే మీ నాన్న చేతిలో పెట్టిందమ్మా."