తొమ్మిది బోనులు

"మూతలు తీయించండి," అన్నాడు జీవరత్నం.

మాచర్ల స్టేషన్ గూడ్సు షెడ్డులో తొమ్మిది వెదురు బోనులు వరసగా ఉన్నాయి. పైన గోనెపట్టాలు కప్పి తాళ్లతో బిగించారు. మే నెల ఎండకు పైరేకులు కాలిపోతున్నాయి. గుంటూరు బండి కదలడానికి ముప్పావు గంటే ఉంది.

"తీస్తే మళ్లీ బిగించేదెవరండీ?" ఏజెంటు శేషగిరిరావు నవ్వాడు. "నూట ఎనభై కోతులు. మద్రాసులో ఓడ సిద్ధంగా ఉంది. అవతలి దేశంలో లాబొరేటరీ వాళ్లు కాచుకొని ఉన్నారు. మీ సంతకం పడితే అయిపోద్ది."

ప్రయోగాలకు పంపే కోతుల్ని పశువుల డాక్టరు చూసి సంతకం చేయనిదే రైలెక్కించకూడదని ఆ ఏడాదే ఉత్తర్వు వచ్చింది. జీవరత్నం ఆ ఊరి పశువుల డాక్టరు. వచ్చి ఆరు నెలలు కాలేదు.

అతనే వంగి ఒక గోనెపట్టా లాగాడు.

కోతులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒక్కటీ అరవలేదు. ఎనిమిదింటికి సరిపోయే చోట ఇరవై ఉన్నాయి. మూలన ఒక తల్లి, చచ్చిపోయిన పిల్లను పొట్టకు అదుముకుని రొప్పుతోంది.

"నీళ్లెప్పుడు పెట్టారు?"

కోతుల్ని పట్టిన యల్లమంద ఏజెంటు వంక చూసి తల దించుకున్నాడు. "నిన్న పొద్దున్నయ్యా. పెడితే బోనులు పాడుచేస్తయ్యని వద్దన్నారు."

"పాలిచ్చే తల్లుల్ని ఎందుకు పట్టావు?"

"నూట ఎనభై నిండాల గదయ్యా."

జీవరత్నం కాగితం తిరిగి ఇచ్చేశాడు. "ఇవి బండెక్కవు."

శేషగిరిరావు ముఖంలో నవ్వు పోయింది. "ఏందండీ ఇది? ఆంజనేయుడని మొక్కే మేమే పంపిస్తన్నాం. ప్రార్థనకు పోయే మీకెందుకు ఇంత బాధ?"

"దేవుళ్లని కాదు. దప్పికతో ఉన్నాయని."

"ఇయ్యి దేనికో తెలుసా? పోలియోకి. పిల్లకాయల కాళ్లు పడిపోయే జబ్బు. ఆ మందు చేయాలంటే ఈ కోతులే కావాల. మీరు ఆపేది కోతుల్ని కాదు, మందుని. రేపు ఏ తల్లన్నా వచ్చి అడిగితే ఏం చెప్తారు?"

చుట్టూ చేరిన హమాలీలు డాక్టరు వంక చూశారు. అతను జేబులోంచి కలం తీశాడు. శేషగిరిరావు చటుక్కున కాగితం ముందుకు చాపాడు.

స్టేషన్ మాస్టరు ఇమాం సాహెబ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పెట్టేయండి బాబూ. ఆయనకు పెద్దోళ్లు చానామంది తెలుసు. మిమ్మల్ని ఏ మూలకో విసిరేస్తారు."

"మద్రాసు చేరేసరికి ఎన్ని బతుకుతాయి రావుగారూ?" జీవరత్నం అడిగాడు.

"సగం. సగం చాలు."

బండి ఇంజను కూత పెట్టింది. జీవరత్నం కాగితం అందుకుని, కలం మూత తీశాడు.

"మందు రావాల్సిందే," అన్నాడు చివరికి. "దాని విలువ నాకు చెప్పబాకండి. బోనుకు ఎనిమిది చొప్పున, నీళ్లు పెట్టి, పిల్లతల్లుల్ని వదిలేసి తీసుకురండి. అప్పుడు సంతకం పెడతా."

కాగితం మీద 'అనుమతి లేదు' అని రాసి ఇచ్చేశాడు.

"ఇయ్యి ఇంక మీరే ఏం చేస్కుంటారో చేస్కోండి. వారంలో మీ బదిలీ కాగితం వస్తది, చూస్కోండి," అంటూ శేషగిరిరావు ఒక్కడే బండెక్కాడు.

బండి వెళ్లాక జీవరత్నం బావిలోంచి నీళ్లు తోడితే, యల్లమంద డొప్పలతో బోనుల్లోకి అందించాడు. తర్వాత బోనులన్నీ ఎడ్లబండ్ల మీద కొండ కిందికి తోలించి తలుపులు తీశారు. నడవగలిగినవి నడిచాయి. తల్లికోతి అన్నిటికన్నా చివర దిగింది. పిల్లను మాత్రం వదల్లేదు. యల్లమంద తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఇంక ఈ పనికి రానయ్యా," అన్నాడు.

దీపాల వేళకు జీవరత్నం ఇల్లు చేరాడు. భార్య గ్రేసమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. స్టేషన్ సంగతి అప్పటికే ఊరంతా పాకింది.

"ఏ మందుకో తెలిసే ఆపారా?" అంది.

"తెలిసే."

ఆమె అతని ముఖంలోకి చూసింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, దారి ఇచ్చింది.

జీవరత్నం లోపలికెళ్లి, ఐదేళ్ల కూతురి కాళ్లకు బిగించిన ఇనప కమ్మీలు విప్పాడు.