బోణీ కొసరు

తిరిగి తట్టలో పడిన రొయ్యలను చూసి చిట్టమ్మకు ఒళ్లు మండింది.

"ఏటి బాబూ, ఏసిన కొసరు ఎనక్కి పడేత్తన్నావ్?"

"కొన్నది చాలమ్మా" అన్నాడు గళ్ల చొక్కా ఆయన, వంజరం ముక్కల సంచి మూతి బిగిస్తూ.

వారం రోజులుగా ఇదే తంతు. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వస్తాడు. చిట్టమ్మకు బోణీ బేరం ఆయనదే. గీచి గీచి బేరమాడడు, టీ ఇస్తే తాగడు, కొసరు వేస్తే తీసి తట్టలో పెట్టేస్తాడు. బోణీ కొసరు కాదంటే ఇంక ఆ పూట వ్యాపారం సాగినట్టే! పైగా మనిషి ముఖంలో మంచితనమే గానీ పొగరు కనబడదు. అదే ఆమెకు మరీ చిరాకు.

అయినా ఆ రోజు కోపం ఎంతోసేపు నిలవలేదు. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే కడుపుబ్బిపోయేంత సంతోషంలో ఉంది.

"ఇదుగో సూడు" అంటూ పక్కనున్న అట్టపెట్టె తెరిచింది. లోపల తళతళలాడే స్పైకు బూట్లు.

"మా రాణికి. బేస్‌బాల్ ఆడతాది మా గుంట. బంతి ఇసిరిందంటే పట్టుకున్నోళ్ల సెయ్యి మండిపోవాల! ఆడపిల్లలకి కొత్త లీగొత్తంది గదా, ఆదివారం డ్రాఫ్టంట. టీములోళ్లు కూకుని, నాకీ పిల్ల గావాల, నాకా పిల్ల గావాలని వంతులేసుకుని ఎంచుకుంటారంట."

"బూట్లు ఎవరిచ్చారమ్మా?"

"దేవీప్రసాద్ గారని ఏజెంటు. ఇప్పుడే ఇచ్చెళ్లాడు, రాణి ఇంకా సూడనేదు. టీమొచ్చాక దాని తరఫున మాటలన్నీ ఆయనే సూసుకుంటాడంట. దేవుడిలాటోడు!"

గళ్ల చొక్కా ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"తిప్పి పంపించెయ్యండి. డ్రాఫ్టుకి ముందు ఏజెంటు దగ్గర ఏం తీసుకున్నా మీ అమ్మాయికి అర్హత పోతుంది. పేరు కొట్టేస్తారు."

చిట్టమ్మ అట్టపెట్టె మూత టక్కున మూసేసింది. ఆ వెంటనే రోషం వచ్చింది.

"నువ్వెవరు సెప్పడానికి?"

"అది అడక్కండి. నా మాట నమ్మండి."

"నా సేతి కొసరు కాదన్నోడి మాట నానెందుకు నమ్మాల?" గుప్పెడు రొయ్యలు తీసి చెయ్యి చాచింది. "పట్టు! నువ్వు కొసరు తీసుకో. నాను బూట్లు పంపించేత్తాను."

ఆయన ఆ గుప్పెడు వంక చాలాసేపు చూశాడు. తీసుకుంటే చెయ్యి కాలుతుందేమో అన్నట్టు చూశాడు. చివరికి నవ్వేసి సంచి మూతి విప్పాడు.

"వెయ్యండి. మాట తప్పొద్దు మరి."

చిట్టమ్మ మాట తప్పే మనిషి కాదు. తట్టలో ఐసు కరగకముందే బూట్లు ఏజెంటు ఇంటికి చేరాయి. రాణి సంగతి విని తల్లిని వాటేసుకుంది.

మర్నాటి నుంచి గళ్ల చొక్కా ఆయన హార్బర్‌లో కనబడలేదు.

ఆదివారం డ్రాఫ్టు జరిగే హాల్లో అందరికంటే ముందు రాణి పేరు పిలిచారు. చేపల వేలంపాటలో కూడా చిట్టమ్మ ఎప్పుడూ అంత కేక పెట్టలేదు. పక్కవాళ్లు చెవులు మూసుకున్నారు, ఆమెకేం పట్టలేదు.

కళ్లు తుడుచుకుని వేదిక వైపు చూసింది. వెనక బ్యానర్ మీద లీగు పెద్దల ఫోటోలు. అందులో గళ్ల చొక్కా ఆయన! కింద అందరూ ఉన్నారు గానీ, ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"ఆ బాబు రానేదేటమ్మా?" అని ఆ ఫోటో చూపిస్తూ, పక్కనే నిలబడ్డ లీగు ఉద్యోగి సూర్యకళని అడిగింది.

"గుణశేఖర్ గారా? ఎవరికి అర్హత ఉందో తేల్చే కమిటీకి పెద్ద ఆయనే. ఆటగాళ్ల గురించి వాకబు చేయడానికి స్వయంగా వెళ్లేవారు గానీ, వాళ్లవాళ్ల దగ్గర మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. అలాంటిది, ఒక అమ్మాయి వాళ్లమ్మ దగ్గర ఏదో పుచ్చుకున్నానని ఆయనే చెప్పి, పదవి వదిలేశారు. మేం వద్దన్నా వినలేదు. కమిటీవాళ్లు ఆటగాళ్ల ఇంటివాళ్ల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదన్న రూలు పెట్టిందే ఆయన మరి."

చిట్టమ్మ సూర్యకళ చెయ్యి పట్టుకుంది.

"ఏటి... ఏటి పుచ్చుకున్నాడంట?"

సూర్యకళ నవ్వింది.

"గుప్పెడు రొయ్యలటమ్మా! కూర మాత్రం భలే కుదిరిందని నవ్వుకుంటూ వెళ్లిపోయారు."