గద్ద బొమ్మ ఉన్న తలుపు

రేణిగుంటలో నేను పనిచేసే మెకానిక్ షెడ్డులో మూలనున్న పాత జీపు మీద టార్పాలిన్ లాగగానే తలుపు మీద గద్ద బొమ్మ కనిపించింది. ఐరాల రోడ్డులో మా నాయనను తొక్కేసి ఆగకుండా పోయిన జీపు అదే.

సమ్మెట అందుకున్నాను. అద్దం పగిలింది. తలుపు ఊడిపడింది. అడ్డమొచ్చిన సుకుమార్ మేస్త్రి మూతి కూడా పగిలింది.

"మా నాయనను సంపిన బండన్నా ఇది. పక్కకు పో."

"యాడుందిరా బండి? ఇది ఉత్త రేకుల డొక్కు," అన్నాడు నెత్తురు ఉమ్ముతూ. "దీని ఇంజను, చాసిస్ నువ్వు పనిలో చేరకముందే ఇప్పేసినా. నిన్న లడఖ్‌కు పోయిన జీపుకు ఏసింది అవే."

ఆ జీపుకు కొత్త బాడీ కట్టింది నేను. నిన్న పొద్దున చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయతో దిష్టి తీసి, క్షేమంగా పోయి రమ్మని సాగనంపింది కూడా నేనే.